అద్దాల తొట్టిలో సింహం చేప: మోజు మనది, నష్టం చెరువుది

రైతు సోదరులకు ఈ వారం కాస్త వింతగా తోచే సంగతి రాస్తున్నాను. వరి గురించి కాదు, మొక్కజొన్న గురించీ కాదు. ఉప్పునీటి అద్దాల తొట్టిలో పెంచే ఓ రంగు చేప గురించి. 'ఎకరం, రెండెకరాల వాళ్లం, మాకెందుకయ్యా ఈ గోల?' అని పేజీ తిప్పేయకండి. చివరిదాకా చదివితే ఇది మీ ఊరి చెరువు గట్టు దాకా వచ్చే విషయమేనని మీకే తెలుస్తుంది.

మా బావమరిది కొడుకు విశాఖపట్నంలో చిన్న ఉద్యోగం చేస్తున్నాడు. వరసకు నాకు అల్లుడు. ఆరు నెలల కిందట రంగు చేపలమ్మే దుకాణం నుంచి రెండు అంగుళాల పిల్లలు రెండు కొని ఇంటికి తెచ్చాడు. ఒంటి నిండా ఎరుపు, తెలుపు పట్టీలు. రెక్కలు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. వీపు మీద ముళ్లు జూలులా నిక్కి ఉన్నాయి. దీన్ని ఇంగ్లీషులో లయన్ ఫిష్ అంటారు. మనం సింహం చేప అనుకుందాం. చూడముచ్చటగా ఉన్న మాట నిజం. నేనూ అరగంట కదలకుండా చూశాను.

గొడవ ఆ తర్వాత మొదలైంది. ఓ వ్యాపారి ఆ కుర్రాడి చెవిలో ఊదాడట. 'ఇవి పిల్లలుగా కొని పెంచితే నాలుగింతలకు నేనే తిరిగి కొంటాను. పది తొట్లు పెట్టు చాలు' అన్నాడట. మా వాడు ఊరికొచ్చి, చెరువు కింద ఉన్న అరెకరం తాకట్టు పెట్టమని తల్లిని అడిగాడు. ఆవిడ నా దగ్గరకొచ్చి, "అన్నయ్యా, మీరైనా చెప్పండి. వీడు చేపల కోసం పొలం తాకట్టంటున్నాడు" అని కంటతడి పెట్టుకుంది. అప్పటినుంచి తెలిసిన వాళ్లనడిగి, కాగితం, పెన్సిలు పట్టుకుని నేను వేసిన లెక్కే ఈ వ్యాసం.

ఆ చేప పుట్టుపూర్వోత్తరాలు

సింహం చేప తేలు చేపల కుటుంబానికి చెందినది. పుట్టిల్లు హిందూ మహాసముద్రం, పసిఫిక్ మహాసముద్రం. దీనిలో పలు రకాలున్నాయి. మన బంగాళాఖాతంలోనూ కొన్ని రకాలు ఉన్నాయి. రాళ్లు, పగడపు దిబ్బలు ఉన్న చోట పగలు నక్కి, పొద్దు వాలాక వేటకు బయల్దేరుతుంది. రెక్కలు చాపి చిన్న చేపను మూలకు నెట్టి, ఒక్క గుటకలో మింగేస్తుంది.

వీపు మీద 13, పొత్తికడుపు కింద 2, తోక వైపు అడుగున 3, మొత్తం 18 ముళ్లలో విషం ఉంటుంది. మాంసంలో విషం లేదు. ముళ్లు తీసేస్తే తినొచ్చు. కానీ ముల్లు గుచ్చుకుంటే ప్రాణం పోతున్నంత నొప్పి, వాపు. మనుషులు చనిపోవడం బహు అరుదు. అయితే ఎవరి ఒంటికి ఎలా పడుతుందో చెప్పలేం. పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క మాట చాలు ఆలోచించుకోవడానికి.

పెంచడం అంటే ఏమిటి?

మంచినీటి గాజు తొట్టిలో గోల్డ్ ఫిష్ పెంచినట్టు కాదిది. రొయ్యల చెరువు చేసిన రైతుకు చెబితే వెంటనే అర్థమవుతుంది. ఒక చిన్న రొయ్యల చెరువును ఇంట్లో గాజు పెట్టెలో పెట్టి, రోజూ 24 గంటలూ కాపలా కాయడమే ఇది.

రెండంగుళాల పిల్ల చిన్న తొట్టిలో కొన్నాళ్లు బతుకుతుంది. కానీ అది పిల్లగానే ఉండిపోదు కదా. ఎర్ర సింహం చేప పెరిగితే అడుగు దాటుతుంది. అంత చేపకు కనీసం 450 లీటర్ల తొట్టి కావాలి. నీళ్ల బరువే 450 కిలోలు. అంటే ఇప్పుడొస్తున్న 45 కిలోల యూరియా బస్తాలు పది ఒకదాని మీద ఒకటి పేర్చినంత బరువు. గాజు, రాళ్లు, ఇసుక బరువు దీనికి అదనం. మామూలు బల్ల మీద పెట్టేది కాదు.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పులుంటాయి. మన రొయ్యల రైతులు 35 పీపీటీ అనేది ఇదే. 450 లీటర్లకు దాదాపు 16 కిలోల ఉప్పు కావాలి. కిరాణా కొట్లో దొరికే రాళ్లుప్పు పనికిరాదు. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వంటివి ఓ పాళ్లలో ఉంటాయి. ఆ పాళ్లలో కలిపి అమ్మే ప్రత్యేకమైన ఉప్పు కొనాలి. నెలకు రెండుసార్లు అయిదో వంతు నీళ్లు మార్చాలంటే, ప్రతిసారీ 90 లీటర్లు, మూడు కిలోల పైచిలుకు ఉప్పు. ఏడాదికి ఒక్క తొట్టికే 75 కిలోలు దాటుతుంది.

'సముద్రం పక్కనే ఉంది కదా, డ్రమ్ముల్లో తెచ్చుకుంటాం' అంటారేమో. హార్బరు పక్కన, ఊరి మురుగు కలిసే చోట తెచ్చిన నీళ్లు పోస్తే వారం తిరక్కుండా చేప తేలిపోతుంది. శుభ్రమైన చోటి నుంచి తేవాలి. వడగట్టి నిల్వ ఉంచాలి. బండి కిరాయి ఎవరిస్తారు?

ఇక కరెంటు. నీళ్లు తిప్పే మోటారు, మురికి నురగ తీసే పరికరం, లైటు అన్నీ కలిపి సగటున 100 వాట్లే అనుకుందాం. రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72 యూనిట్లు. కరెంటు పోతే గాలి ఆడదు. ఉప్పునీటిలో మంచినీటి కంటే ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. ఏసవిలో నాలుగు గంటలు కోత పడితే బ్యాటరీతో నడిచే గాలి మోటారు సిద్ధంగా ఉండాలి. వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలంటే మే నెలలో మన రేకుల ఇళ్లల్లో ఎలా సాధ్యమో మీరే ఊహించండి.

నీళ్లు పోసిన రోజే చేపను వదలకూడదు

ఇది ఎక్కువమంది చేసే తప్పు. మా అల్లుడూ చేశాడు. చేప విసర్జించిన దాన్నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారిస్తే, మరో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషమే. మూడోది కొంతవరకు ఫర్వాలేదు, నీళ్లు మార్చి తగ్గించుకోవచ్చు. ఈ సూక్ష్మజీవులు తొట్టిలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేప లేకుండా తొట్టి నడపాలి. నారుమడి దున్నకుండా విత్తనం చల్లితే ఎలా ఉంటుందో, ఆగకుండా చేపను వదలడం అలాగే ఉంటుంది. మా వాడు తెచ్చిన రెండు పిల్లల్లో ఒకటి పదకొండో రోజున పోయింది. కారణం ఇదే.

ఆవిరైన నీళ్లకు బదులు ఉప్పునీళ్లు పోయడం మరో పొరపాటు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి పోయాల్సింది మంచినీళ్లు. లేకపోతే రోజురోజుకూ ఉప్పదనం పెరిగిపోతుంది.

పిల్ల చేప మేత మరో తలనొప్పి. సముద్రంలోంచి పట్టి తెచ్చిన పిల్ల చచ్చిన మేతను ముట్టదు. కదిలేదే మేత అనుకుంటుంది. మొదట చిన్న బతికిన రొయ్యపిల్లల్ని వేయాలి. మెల్లమెల్లగా పొడుగు పుల్ల చివర రొయ్య ముక్క గుచ్చి నీళ్లలో కదిలిస్తూ అలవాటు చేయాలి. చేత్తో పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. పిల్లప్పుడు రోజూ కాస్త కాస్త, పెద్దదయ్యాక వారానికి రెండు మూడుసార్లు చాలు. తిండిపోతు చేప, ఎంత వేసినా తింటుంది. అతిగా తింటే ఒళ్లు చెడుతుంది, నీళ్లూ చెడతాయి. చవకగా వస్తాయని మంచినీటి గప్పీలనే ఎప్పుడూ వేస్తే కాలేయానికి కొవ్వు పట్టి చస్తుంది. తొట్టిలో దీని నోట్లో పట్టే మరో చేప ఉండకూడదు. పొద్దున చూస్తే అది ఉండదు.

తొట్టి శుభ్రం చేసేటప్పుడు చేప ఎక్కడుందో చూసుకుని గానీ చెయ్యి పెట్టకండి. మందపాటి తొడుగులు వేసుకోవాలి. వలతో పట్టకుండా గిన్నెలోకి మళ్లించి తీయాలి. వలకు ముళ్లు చిక్కుకుంటాయి. ఒకవేళ గుచ్చుకుంటే భరించగలిగినంత వేడినీటిలో, అంటే 45 డిగ్రీలకు మించని నీటిలో, అరగంట నుంచి గంటన్నర వరకు ఆ భాగాన్ని ముంచాలి. ఈ విషం వేడికి విరుగుతుంది. మరిగే నీళ్లు పోసి చర్మం కాల్చుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లి ముల్లు ముక్క లోపల మిగిలిందేమో చూపించుకోవాలి, ధనుర్వాతం ఇంజక్షను అడగాలి. పసరు పూసి కూర్చోవద్దు. ఆయాసం గానీ, కళ్లు తిరగడం గానీ ఉంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయరాదు.

విత్తనం చేతిలో లేని పంట

సరే, ఇంత కష్టపడతాను, డబ్బు వస్తుందా అంటారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సన్నకారు రైతుకు ఇది గిట్టదు.

ఎందుకంటే దీని విత్తనం మన చేతిలో లేదు. సింహం చేప గుడ్లు పెట్టినా, వాటి పిల్లలు కంటికి కనిపించనంత చిన్నవిగా పుట్టి సుమారు 25 రోజులు సముద్రపు నీటిలో తేలుతూ బతుకుతాయి. ఇంట్లో వాటిని సాకడం మాటలు కాదు. బజారులో కనిపించే సింహం చేపలు దాదాపు అన్నీ సముద్రంలోంచి పట్టినవే. అంటే మనం చేసేది సేద్యం కాదు, మారుబేరం. పట్టేవాడు ధర చెబుతాడు, కొనేవాడు ధర చెబుతాడు, మధ్యలో మేత, ఉప్పు, కరెంటు, చావులు మన లెక్కలో. పది తొట్లంటే మొదటి రోజుకే 160 కిలోల ఉప్పు, నెలకు 720 యూనిట్ల కరెంటు. ఒక్క రాత్రి కరెంటు పోతే పెట్టుబడి అంతా గట్టున పడినట్టే.

'నేనే తిరిగి కొంటాను' అన్న మాట మన రైతులకు కొత్త కాదు. ఈము పక్షులప్పుడు ఇదే మాట విన్నాం. పిల్లలు అమ్మినవాళ్లు, మేత అమ్మినవాళ్లు బాగుపడ్డారు. 2012 ప్రాంతంలో కొనేవాళ్లు చేతులెత్తేస్తే, మేత వేయలేక పక్షుల్ని రోడ్ల మీద వదిలేసిన రైతులు మన జిల్లాల్లోనే ఉన్నారు. తిరిగి కొంటానన్నవాడు స్టాంపు కాగితం మీద రాసిస్తాడా? బ్యాంకు పూచీ ఇస్తాడా? అక్కడే తేలిపోతుంది.

నిజంగా ఉప్పునీటి రంగు చేపలే కావాలనుకునే వారికి క్లౌన్ ఫిష్ వంటివి ఉన్నాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాటికి గుడ్డు నుంచి పిల్లదాకా హేచరీ పద్ధతిని తయారు చేసింది. అది కనీసం విత్తనం ఉన్న పంట. తొట్టి అలంకరణకని బతికిన పగడపు రాళ్లు, సముద్రపు గుర్రాలు పట్టి తెచ్చేరు సుమా. 2001 నుంచి అవి వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాలో ఉన్నాయి. కేసవుతుంది.

అక్కడ సింహం, ఇక్కడ దెయ్యం

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. అరెకరం తాకట్టు మాట ఆగిపోయింది. మా అల్లుడికి హైదరాబాదు బదిలీ వచ్చింది. మిగిలిన ఒక్క చేపను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. వాళ్లమ్మ, "పాపం ఎందుకు చంపడం, తీసుకెళ్లి సముద్రంలో వదిలేయరా, పుణ్యం" అంది. మంచి మనసుతోనే అంది. కానీ ప్రపంచంలో ఇంత పెద్ద నష్టం జరిగింది సరిగ్గా ఇలాంటి పుణ్యంతోనే.

అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో 1985లో మొదటిసారి సింహం చేప కనిపించింది. అది ఆ సముద్రపు చేప కాదు. అక్వేరియంలు పెట్టుకున్నవాళ్లు మోజు తీరాకో, పెద్దదై తొట్టి చాలకో వదిలేసిన చేపలే దీనికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పదిహేనేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2000 తర్వాత అమెరికా తూర్పు తీరం పొడుగునా, ఆపైన బహామాస్ దీవులు, కరీబియన్ సముద్రం, 2010 నాటికి మెక్సికో సింధుశాఖ దాకా పాకింది. 2014లో బ్రెజిల్ తీరంలోనూ దొరికింది.

అక్కడి చిన్న చేపలకు ఇది శత్రువని తెలియదు. పారిపోవు. దీన్ని తినే శత్రువూ అక్కడ దాదాపు లేదు. ఒక్కో ఆడ చేప ఏడాదికి 20 లక్షల వరకు గుడ్లు పెడుతుంది. బహామాస్‌లో జరిపిన ఒక పరిశోధనలో, సింహం చేప ఉన్న చిన్న దిబ్బల మీద అయిదు వారాల్లోనే కొత్తగా చేరే పిల్ల చేపలు 79 శాతం తగ్గిపోయాయని 2008లో ప్రకటించారు. దానివల్ల నష్టపోయేది ఎవరు? తొట్టి పెట్టుకున్న షోకిలా రాయుళ్లు కాదు. చిన్న పడవ మీద గాలం వేసుకుని బతికే అక్కడి మత్స్యకారులు. వాళ్లు మనలాంటి వాళ్లే.

2014లో ఫ్లోరిడా రాష్ట్రం సింహం చేప దిగుమతిని నిషేధించింది. బల్లేలతో పొడిచి పట్టే పోటీలు పెడుతున్నారు, వండుకు తినమని ప్రచారం చేస్తున్నారు. అయినా వెయ్యి అడుగుల లోతున కూడా ఉండే చేపను ఎంతమంది ఈదుకుంటూ వెళ్లి పొడవగలరు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దలన్నది ఇందుకే.

ఇది మన సముద్రపు బిడ్డ. పుట్టింట్లో దాని హద్దులో అది ఉంది. పరాయి ఇంటికి వెళ్లి రాక్షసి అయింది. అలాగే పరాయి ఇంటి బిడ్డ మన చెరువులోకొచ్చి దెయ్యమైంది. ఆ కథ మీకు తెలుసు.

ఈ ఏడాది వేసవిలో మా ఊరి చెరువు వల లాగినప్పుడు నేనూ గట్టు మీదే ఉన్నాను. బొచ్చె, శీలావతి కోసం లాగిన వలలో నల్లటి, గరుకైన చేపలు పడ్డాయి. ఒంటి మీద పెంకులు, గట్టి ముళ్లు. మూతి అడుగున ఉంటుంది. దీన్నే మనవాళ్లు దెయ్యం చేప, రాక్షసి చేప అంటున్నారు. వల చీరేసింది. తినేవాడు లేడు, కొనేవాడు లేడు. గట్టున పడేస్తే గంటల తరబడి చావదు. దీని స్వస్థలం దక్షిణ అమెరికా నదులు. మన దేశానికి వచ్చింది అక్వేరియం దుకాణాల ద్వారానే. గాజుకు పట్టిన నాచు తింటుందని 'ట్యాంక్ క్లీనర్' పేరుతో అమ్మారు. వేలెడంత పిల్ల అడుగు దాటి పెరిగేసరికి, కొన్నవాళ్లు కాలవలోనో చెరువులోనో వదిలేశారు. వాన నీటితో చెరువు నుంచి చెరువుకు పాకింది.

దీని మరో గుణం రైతుకు మరీ ప్రమాదం. గుడ్లు పెట్టడానికి గట్టులో లోతుగా బొరియలు తవ్వుతుంది. గట్టులో ఎలుక బొరియ, పీత బొరియ ఉంటేనే మనం నిద్రపోం. అలాంటిది నీటి లోపల, కంటికి కనిపించని చోట మూరెడు బొరియలుంటే పెద్ద వాన రోజున ఏమవుతుంది? గండి పడితే చేపలు పోతాయి, కింద ఆయకట్టూ పోతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు చెరువు నీటిలో ఉండే డీఎన్ఏను బట్టి ఈ చేప ఉందో లేదో చెప్పే పరీక్షను తయారు చేశారంటే, సమస్య ఎంత ముదిరిందో అర్థం చేసుకోవచ్చు.

గుర్రపు డెక్కను కూడా పువ్వు బాగుందనే తెచ్చారు. ఇప్పుడు కాలవల్లో పూడిక తీయించడానికి మనం చందాలు వేసుకుంటున్నాం. ఆఫ్రికా క్యాట్ ఫిష్ తొందరగా పెరుగుతుందని తెచ్చారు. 2000లో ప్రభుత్వం నిషేధించింది. అయినా దొంగచాటు చెరువులు నడుస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ లాభం ఒకరిది, మోసే బరువు ఊరందరిది.

'సింహం చేప మన సముద్రానిదే కదా, వదిలితే తప్పేంటి?' అని మా అల్లుడు అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ దుకాణంలో ఉన్న ఆ పిల్ల ఏ సముద్రంలో పట్టిందో దుకాణదారుడికే తెలియదు. దేశదేశాల చేపలతో ఒకే నీటిలో గడిపింది. దాని ఒంటి మీద ఏ పురుగుందో, ఏ తెగులుందో తెలియదు. రొయ్యల్లో తెల్లమచ్చ తెగులు 1990 దశకంలో ఎన్ని కుటుంబాలను రోడ్డున పడేసిందో తెలిసిన జిల్లా మనది. తెగులు పిల్లతో, నీళ్లతో వస్తుందని మనకు వేరే చెప్పాలా? చివరకు విశాఖలో పెద్ద ఉప్పునీటి తొట్టి, అనుభవం రెండూ ఉన్న ఒకాయనకు ఆ చేపను ఇచ్చేశాం. తొట్టి నీళ్లు కాలవలో పారబోయకుండా బ్లీచింగ్ కలిపి ఒక రోజు ఉంచి, చెట్లు లేని చోట గోతిలో పోశాం.

ఏం చేయాలి?

నా వరకు అయిదు మాటలు చెప్పదలిచాను.

1. సింహం చేపను ఆదాయ మార్గంగా నమ్మి పొలం, బంగారం తాకట్టు పెట్టవద్దు. సరదాకు పెంచాలనుకుంటే పదేళ్లకు పైగా బతికే జీవిని తెస్తున్నామని ముందే అనుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

2. పెరట్లో రంగు చేపలతో నాలుగు డబ్బులు చూడాలనుకునే వారు మంచినీటి చేపలతో మొదలుపెట్టండి. గప్పీ, మోలీ, ప్లాటీ వంటివి పిల్లల్ని కంటాయి. సిమెంటు తొట్లలో పెరుగుతాయి. విత్తనం మన చేతిలో ఉంటుంది. రెండు తొట్లతో మొదలుపెట్టి, అమ్ముడవుతున్నాయో లేదో చూసుకుని మరో రెండు కట్టండి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్లకూ చోటు కల్పించారు. సాయం ఇప్పుడు ఎంత, ఎవరికి అన్నది మత్స్యశాఖ కార్యాలయంలో నేరుగా అడగండి. దళారీని అడగకండి.

3. ఆ తొట్లు కూడా చెరువుకు, కాలవకు కలిసేలా కట్టవద్దు. నీళ్లు బయటికి పోయే గొట్టానికి సన్నని జల్లెడ కట్టండి. వరద వచ్చే పల్లంలో తొట్లు పెట్టవద్దు. వదిలేస్తే గప్పీ కూడా పరాయి చేపే.

4. చెరువు వేలం వేసే ముందు పంచాయతీలు, మత్స్యకార సంఘాలు ఒక తీర్మానం చేసుకోవాలి. బయటి రంగు చేపలు మా చెరువులో వదలకూడదని దండోరా వేయించాలి. చేపపిల్లలు కొనేటప్పుడు తట్టలో పరాయి పిల్లలు కలిశాయేమో ఏరి చూడాలి. వలలో దెయ్యం చేప పడితే తిరిగి నీళ్లలోకి విసరొద్దు. చంపి గోతిలో పూడ్చాలి.

5. ప్రభుత్వానికి ఒక విన్నపం. రంగు చేపలమ్మే ప్రతి దుకాణం, వద్దనుకున్న చేపను తిరిగి తీసుకోవాలని నిబంధన పెట్టాలి. ఏ చేప ఎంత పెరుగుతుందో అమ్మేటప్పుడే బోర్డు మీద రాయించాలి. పురుగుమందుల డబ్బా మీద విషం గుర్తు ఉన్నట్టు, ముళ్ల విషమున్న చేప తొట్టి మీద హెచ్చరిక ఉండాలి. చీరిన వలలకు, తెగిన గట్లకు పరిహారం అడిగే దిక్కు రైతుకు ఎలాగూ లేదు. కనీసం ఆ నష్టం పుట్టే చోటైనా తలుపు వేయాలి.

పట్నంలో గాజు తొట్టి పెట్టుకునే వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. అందమైన దాన్ని ఇంట్లో పెట్టుకోవాలని ఎవరికుండదు? కానీ పట్నంలో వదిలిన చేప చివరికి చేరేది పల్లెటూరి చెరువుకే. మీ పిల్లలు, మీ చుట్టాల పిల్లలు పట్నంలో ఉంటే ఈ ఒక్క మాట వాళ్లకు చెప్పండి. పెంచలేకపోతే తెలిసిన వాళ్లకు ఇమ్మనండి, దుకాణంలో తిరిగి ఇమ్మనండి. చెరువులో మాత్రం వదలొద్దనండి.

మా చెల్లెమ్మ అరెకరం తాకట్టు పడకుండా మిగిలింది. ఈ ఖరీఫ్‌లో అందులో ఊడ్పులు కూడా అయ్యాయి. దానికి నీళ్లిచ్చేది మా ఊరి చెరువే. మొన్న వానకు గట్టు మీద నడుస్తూ చూస్తే, తూము పక్కన నీటి మట్టానికి కాస్త పైన మూడు బొరియలు కనిపించాయి. ఆదివారం పదిమందిమి కలిసి మట్టి మోసి పూడ్చుతున్నాం. మీ ఊరి గట్టు మీద కూడా ఒకసారి నడిచి చూడండి.